గోడవతల కూర్చుని వినే ఆపా

మధ్యాహ్న భోజనానికి పిల్లలు వరుస కట్టారు. ఆ రోజు గుడ్డు రోజు. ఒకడు రెండోసారి వరుసలో నిలబడ్డాడేమోనని వాడి మొహంలోకి చూస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నెంబరు.

"మేడం, అలియాబాద్ నుంచి అన్వర్‌ను మాట్లాడుతున్న. మా ఫుప్పు పోయింది. నిన్న అసర్ యాల్లకు మిట్టి గూడ అయిపోయింది. రికార్డు కవర్ల ఒక చిట్టి ఉండె, మీ నెంబర్ రాసి. అందుకే చేసిన. రేపు జియారత్."

ఫుప్పు అంటే మేనత్త, మిట్టి అంటే ఖననం, జియారత్ మూడోనాటి ప్రార్థన. నేను "సరే బాబూ, వస్తా" అన్నాను. రెండోసారి వచ్చినవాడికి కూడా గుడ్డు పెట్టేశాను. తరువాత తరగతిలోకి పోయి మూడో ఎక్కం బోర్డు మీద రాశాను. కిటికీలోంచి జవహర్‌నగర్ చెత్తగుట్టల వాసన రోజూ వచ్చినట్టే వస్తోంది. ఏడుపు వస్తుందని చూశాను, రాలేదు. కాళ్ళు మాత్రం లాగాయి. మా ఆయనకు జబ్బు చేసినప్పటి నుంచి నాకు ఏ కష్టం వచ్చినా ముందు కాళ్ళలోకే దిగుతుంది.

ఆమెకు పేరుంది. నాకు తెలుసు. కానీ ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు, ఇప్పుడు రాయబుద్ధీ కావడం లేదు. ఆపా అనేదాన్ని. అక్కా అన్నట్టు. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దది.

మొదట చూసింది మా బడి దగ్గరి పాత సామాన్ల దుకాణంలో. పిల్లలకు లెక్కలు చెప్పడానికి సీసా మూతలు ఏరుకుందామని పోయాను. ఒక మూల పాత పుస్తకాల కింద పెద్ద చదరపు అట్ట ఒకటి కనబడింది. దాని మీద నిప్పులు కక్కే కొండ, కొండ ముందు పూలదండ వేసుకున్న ఆడమనిషి, నీలం సముద్రం. నేను అంచు పట్టుకున్నాను. అటువైపు అంచును ఇంకో చెయ్యి పట్టుకుంది. సన్నటి చెయ్యి. ఒకే ఒక వెండి ఉంగరం.

"నీ ఇంట్ల మిషన్ ఉందా?" అన్నది.

"ఏం మిషన్?"

"గిది తిప్పే మిషన్."

"లేదు. బొమ్మ బాగుందని... పిల్లలకు అగ్నిపర్వతం చూపిద్దామని."

"అయితే ఇడ్సిపెట్టు. బొమ్మ కావాల్నంటే ఫోన్ల మస్తు దొర్కుతయి. ఇది వినేది." పట్టు వదలకుండానే నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "వినాల్నంటే ఆదివారం అలియాబాద్ రా. పెద్ద రోడ్డు మీద ప్లాట్ల ఆఫీసు ఉంటది, దాని వెనక. మూడు గంటలకు. మూడున్నరకు వస్తే తలుపు తియ్య."

వదిలేశాను. ఎందుకు పోయానో అడిగితే చెప్పలేను. నాకు సంగీతం తెలియదు. అంతకు ముందు ఏడాది మా ఆయనకు పక్షవాతం వచ్చింది. బోరు మోటర్లు చుట్టే పని ఆయనది. మేడ్చల్ చుట్టుపక్కల ఏ పొలంలో మోటరు ఆగినా ఆయనకే కబురు. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు గుంజుతుంది, మాట పోయింది. "ఆ", "ఊహూఁ", అంతే మిగిలాయి. పొద్దున ఆయన పనులు, రెండు బస్సులు, బడి, మళ్ళీ రెండు బస్సులు, మళ్ళీ ఆయన పనులు. ఆదివారం నాలుగు గంటలు ఆయన దగ్గర కూర్చుంటానని పక్కింటి లక్ష్మక్క అన్నది. ఆ నాలుగు గంటలు ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. పోయాను.

ముందు అన్వర్ ప్లాట్ల ఆఫీసు, వెనక రెండు గదులు. మొదటి గదిలో నేల మీద జంపఖానా, గోడవారగా బల్ల, బల్ల మీద పాటల రికార్డులు తిప్పే మిషన్. రెండో గది ఆమె వంట, పడక. మధ్యలో తలుపు లేదు, పచ్చటి పరదా. ఆ రోజు నాకంటే ముందు ఒకతను వచ్చి ఉన్నాడు. యాదగిరి. బహదూర్‌పల్లి కాలనీలకు నీళ్ళ ట్యాంకరు తోలుతాడు.

ఆపా ఆ కొండ బొమ్మ అట్టలోంచి రికార్డు తీసి మల్లు గుడ్డతో తుడిచింది. చుట్టూ తిప్పుతూ, పసిపిల్ల మొహం తుడిచినట్టు. ముల్లు ఆనించింది. ఆనించి, మాతో కూర్చోకుండా పరదా తీసుకుని లోపలికి పోయింది.

ముందు పిట్టలు కూశాయి. తరువాత కప్పలు. ఆ వెనకనుంచి చిన్న చిన్న డోళ్ళు, లోహపు పట్టీల మీద మెత్తటి సుత్తులతో కొట్టే గంటల్లాంటి చప్పుడు, ఎక్కడో సముద్రం. పాడేవాళ్ళు లేరు. నేను వాకిట్లో కోళ్ళేమో అనుకుని ఒకసారి తల తిప్పి చూశాను కూడా. యాదగిరి గోడకు ఆనుకుని నిద్రపోయాడు.

ఒక వైపు అయిపోగానే ఆమె బయటికి వచ్చి ముల్లు ఎత్తింది. "చెప్పు" అన్నది.

"బాగుంది ఆపా."

"నక్కో, అట్ల అనకు. ఈ ఇంట్ల ఆ మాట బంద్. బాగుంది, మస్తుంది, గవి అన్నానికి చెప్పు. ఏం కనవడ్డదో చెప్పు."

ఆలోచించాను. "ఎవరూ లేని చోటు" అన్నాను. "నా కోసం ఎవరూ ఎదురు చూడని చోటు."

ఆమె తల ఊపింది. యాదగిరిని లేపింది. "నువ్వు?"

"నీళ్ళు" అన్నాడు కళ్ళు తెరవకుండానే. మూడేళ్ళలో అతను వేరే మాట చెప్పగా నేను వినలేదు. నిద్రపోతే కోపం రాదా అని ఆమెను అడిగాను ఒకసారి. "వారమంత నీళ్ళ కోసం జనం తిడ్తరు ఆ మనిషిని. ఈడ తిట్లు లేవు, నిద్ర వస్తది. నిద్ర గూడ వినుడే" అన్నది.

అట్ట మీది బొమ్మలో ఉన్న ఆ దీవి ఎక్కడుంటుందని కూడా అడిగాను. ఆపా నవ్వింది. ఆమె నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం కదులుతాయి.

"ఎక్కడా లేదు. వాయించినోళ్ళు గూడ పోలే. యాడనో దొరల దేశంల స్టూడియోల కూసొని, టైలు కట్టుకొని, నోటితోని పిట్టలు కూసిండ్రు. ఇంటికాడ పెండ్లం పిల్లలు, కిరాయి, పరేషాన్. మన తీర్గనే. లేని జాగ ఒకటి జేసిండ్రు. గది అబద్ధమని వాళ్ళకు ఎరికే, వినేటోళ్ళకు ఎరికే. ఎవ్వలు ఎవ్వల్ని మోసం జెయ్యలే."

దీవుల పాటలు ఒక వారం, ఆర్గన్ ఒక వారం. ఆర్గన్ అంటే చర్చిలో వినేది అనుకున్నాను. ఇది వేరు. రెండు వరుసల మెట్లు, కింద కాళ్ళతో నొక్కే కట్టెలు. చేతులు ఒక మాట చెబుతుంటే కాళ్ళు ఇంకో మాట చెబుతాయట. "కుట్టుమిషన్ తొక్కినట్టు తొక్కుతనే ఉండాలె" అని ఆపా మంచం పట్టీ మీద కాళ్ళు ఆడించి చూపేది. ఆ వాద్యం ఊపిరి ఆపకుండా పాడుతుంది. ఒక స్వరం పట్టుకుంటే అది వణుకుతూ, గదిలో తిరుగుతూ, పోనంటుంది. దీవుల పాటలకంటే నాకు ఇదే నచ్చింది. దానిలో అలసట ఉంది. అలసిపోయి కూడా ఆడేవాళ్ళ కోసం వాయించినట్టుంటుంది.

ఈ రికార్డులు ఆమెకు ఎట్లా వచ్చాయో ఒక్కసారే చెప్పింది, ఉల్లిగడ్డలు కోస్తూ. పెళ్ళి కాలేదు. చిన్నతనంలో టైపు, టెలిఫోన్ నేర్చుకుని కంటోన్మెంటు వైపు ఒక క్లబ్బులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. ఆ గది గోడవతలే పెద్ద హాలు. శనివారం శనివారం ఒకాయన అందులో ఆర్గన్ వాయించేవాడు. విరామంలో రికార్డులు పెట్టేవాడు.

"చూసినవా ఆపా, ఆయన్ని?"

"యాడ చూస్త? స్టాఫ్‌కు లోపలికి ఇజాజత్ లేకుండె. పదకొండేండ్లు గోడవతల్నే విన్న. వాయించుడు, చెప్పులు గీకుడు, గిలాసల సప్పుడు, నవ్వుడు. ఇగ క్లబ్బోళ్ళు పాత సామాను బయటేసిన్నాడు రికార్డులన్ని నేను తెచ్చుకున్న. ఇంటికి తెచ్చి ముందల కూసొని వింటే, ఏమో, కుదరలే. లోపలి గదిలకు పోయి విన్న. అప్పుడు కుదిరింది."

అందుకేనా పరదా వెనక కూర్చునేది అనుకున్నాను. కొంత నిజమే. మిగతాది నాకు తరువాత తెలిసింది.

ఒక ఆదివారం లక్ష్మక్క చుట్టాల పెళ్ళికి పోయింది. మా ఆయన్ని ఒంటరిగా వదలలేక ఆటో మాట్లాడి వెంట తీసుకుపోయాను. అందరూ ఆయనతో గట్టిగా, నెమ్మదిగా మాట్లాడతారు, చెవిటివాడితో మాట్లాడినట్టు. ఆపా మామూలుగా, "రా దుల్హాభాయ్, గా కుర్సీల కూసో" అన్నది. అక్కచెల్లెళ్ళ మొగుడిని వాళ్ళిళ్ళలో అట్లా పిలుస్తారు. రికార్డు పెట్టింది, లోపలికి పోయింది. రెండు నిమిషాలు కాలేదు, మా ఆయన మొహం చిట్లించాడు. ఎడమ చేతి వేలు గాలిలో గుండ్రంగా తిప్పి, "ఊహూఁ, ఊహూఁ" అన్నాడు.

నచ్చలేదేమో, పోదాం అంటున్నాడేమో అని నేను లేచాను. ఆపా పరదా తీసి చూసింది. "ఆగు. ఏందో చెప్తుండు." ఆయన మిషన్ వైపు చూపాడు. వేలు తిప్పి, ఇంకా నెమ్మదిగా తిప్పి చూపాడు. ఆపాకు అర్థమైంది. మిషన్ నెమ్మదిగా తిరుగుతోంది. లోపలి బెల్టు వదులైంది. ఎన్ని నెలలుగా ఆ పాటలు కొంచెం సాగి వినబడుతున్నాయో మాకు ఎవరికీ తెలియలేదు. మోటర్ల మనిషి చెవి పట్టేసింది.

మరుసటి వారానికి కొత్త బెల్టు వచ్చింది. ఆ వారం నుంచి రికార్డు బోర్లించే పని ఆయనది. ఒక్క చేత్తో. ముల్లు ఎత్తడం, రికార్డును అంచులు పట్టి తీసి రెండో వైపు తిప్పి పెట్టడం. ఇంకెవ్వరినీ ముట్టుకోనివ్వని మనిషి, నేర్పించి మరీ ఇచ్చింది. ఆదివారం పొద్దున్నే ఆయన చొక్కా వేసుకుని కూర్చునేవాడు. నేను బొత్తాలు పెట్టేవరకు ఓపిక పట్టేవాడు కాదు.

నాలుగైదు నెలలు అట్లా నడిచింది. వానాకాలంలో ఒక రోజు, క్లబ్బు ముద్ర ఉన్న ఆర్గన్ రికార్డు వినిపించింది ఆపా. క్లబ్బులో శనివారాలు విరామంలో పెట్టేది అదేనట. అన్నిటికంటే పాతది. ఒక వైపు అయిపోయింది. మా ఆయన తొందరగా లేచాడు. రికార్డు తీసి తిరిగేటప్పుడు గుంజే కాలు జంపఖానా అంచుకు తట్టుకుంది. నేను పట్టుకునేలోపే పడ్డాడు, రికార్డు మీద మోచేయి, దాని మీద బరువంతా. ఆ చప్పుడు పెద్దదేం కాదు. ఎండు కట్టె విరిగినట్టు.

యాదగిరి, నేను ఆయన్ని లేపుతున్నాం. పరదా తీసుకుని ఆపా వచ్చింది. మేమంతా మనిషిని చూస్తున్నాం, ఆమె రికార్డును చూసింది. కూర్చుని రెండు ముక్కలూ ఒడిలో పెట్టుకుంది. అంచులు కలిపి చూసింది.

"ఏం కాలే, ఏం కాలే, నీ తప్పేం లేదు" అంటున్నాను నేను ఆయనతో.

"పోండ్రి" అన్నది ఆపా. తల ఎత్తలేదు. "అందరు పోండ్రి."

ఆటోలో ఆయన రోడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు. ఇంటికి వచ్చాక కూడా తిప్పే ఉంచాడు. నాకు ఆపా మీద కోపం వచ్చింది. పడిపోయిన మనిషిని దెబ్బ తగిలిందా అని కూడా అడగలేదు. రికార్డు ముక్కకున్న విలువ లేదా మనిషికి అనుకున్నాను. నేను ఫోన్ చేయలేదు, ఆమె చేయలేదు. మూడు ఆదివారాలు పోయాయి. ఆయన చొక్కా వేసుకోలేదు. అన్నం రెండు ముద్దలు తిని కంచం జరిపేవాడు. నేను రోజూ అదే మాట చెప్పాను, నీ తప్పేం లేదని. ఎన్నిసార్లు చెబితే అంత ముడుచుకునేవాడు.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే ఆపా. రెండు బస్సులు మారి వచ్చింది. ఒక చేతిలో మిషన్ పెట్టిన రేగ్జిన్ సంచి, ఇంకో చంకలో రికార్డు. మోకాళ్ళ నొప్పి మనిషి, చెమటతో తడిసిపోయింది. నీళ్ళిస్తే తాగలేదు. సీదా ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"దుల్హాభాయ్, ఇటు చూడు. మూడు వారాలు ఆగిన, కోపం పోతదని. పోలే. ఇగ పోదు. ఆ రికార్డు మల్ల రాదు." ఊపిరి పీల్చుకుంది. "తప్పు నీది. కాలు గుంజుతదని ఎరికే, ఉరికినవ్. ఎందుకు ఉరికినవ్? మీ ఆమె నీ తప్పు లేదంటది. ఆమె మాట ఇనకు. తప్పు నీదే."

నా ఒళ్ళు మండింది. "ఆపా, చాలు" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. మెడ నరాలు తేలాయి. "నా... నాదే" అన్నాడు.

ఏడాదిన్నరలో నేను విన్న మొదటి మాట అది.

"ఆఁ. నీదే" అన్నది ఆపా. "ఇగ ఇది తెచ్చిన. దీన్ని గూడ పలగ్గొడ్తే చెప్పుతోని కొడ్త. తిప్పు."

ఆయన నవ్వాడు. మూతి ఒక పక్కకే పోయింది, కానీ నవ్వే. పక్షవాతం వచ్చిన రోజు నుంచి ఆయన ఏం చేసినా మేం తప్పు పట్టలేదు. గిన్నె పడేసినా, పక్క తడిపినా, ఏం కాలే అన్నాం. తప్పు చేసే పాటి మనిషిగా కూడా ఆయన్ని లెక్క పెట్టడం మానేశామని నాకు ఆ కుర్చీ పక్కన నిలబడ్డప్పుడు తెలిసింది.

మిషన్ మా బల్ల మీద పెట్టి, ఆపా నా వెంట వంటింట్లోకి వచ్చింది. ముక్కాలి పీట మీద కూర్చుని, గోడకు వీపు ఆనించింది. నన్నూ కూర్చోమంది. అవతల ఆర్గన్ మొదలైంది. నేను మొదటిసారి ఆమె వినే చోటు నుంచి విన్నాను. పాటతో పాటు కుర్చీ కిర్రుమన్నది వినబడింది. ఆయన దగ్గు. తాళానికి ఎడమ చెయ్యి తొడ మీద పడుతున్న చప్పుడు, కొంచెం వెనకబడుతూ.

"ఇన్నవా?" అన్నది ఆపా మెల్లగా. "గదే. పాట నాకు నోటికి వస్తది. నేను వినేది వినేటోళ్ళ సప్పుడు."

ఆమెకు ఆ తరువాత మోకాళ్ళ నొప్పి మరీ ముదిరింది. పోయిన చలికాలం నుంచి ఆదివారాలు తగ్గించింది. వచ్చినవాళ్ళ చేతిలో ఒక్కో రికార్డు పెట్టి, "తీస్కపో, తర్వాత తెద్దువు" అనేది. నాకు కొండ బొమ్మది ఇచ్చింది. మిషన్ లేని ఇంట్లో ఏం చేసుకోను అంటే, "ఉండనీ" అన్నది. మొన్న ఎండాకాలం సెలవుల్లో చివరిసారి చూశాను. చాయ్ పోసింది. పాట పెట్టలేదు. "నేను అలిసిన, టీచరమ్మా" అన్నది. "నేను కూడా" అన్నాను. ఇద్దరం చాయ్ తాగాం.

జియారత్ నాడు సెలవు పెట్టి యాదగిరితో కలిసి పోయాను. ఆయన్ని కూడా తీసుకుపోయాం. ముందు గదిలో ఆడవాళ్ళు ఖురాన్ చదువుతున్నారు. అన్వర్ మమ్మల్ని వెనకకు పొమ్మన్నాడు. అక్కడ జంపఖానా మీద నలుగురు కొత్తవాళ్ళు కూర్చుని ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక రికార్డు. శామీర్‌పేటలో నర్సు పని చేసే ఆమె, రిటైరైన బస్సు కండక్టరు, చెరువు రోడ్డులో జామకాయలు అమ్మే ముసలమ్మ, ఆమె కోడలు. ఇంట్లో మిగిలిన కవర్లలో దొరికిన చిట్టీలు చూసి అన్వర్ అందరికీ ఫోన్ చేశాడు.

"మాది మంగళారం" అన్నాడు కండక్టరు.

"మాది శుక్రారం, నమాజు అయినంక" అన్నది ముసలమ్మ.

నేను కింద కూర్చున్నాను. మూడేళ్ళు ఆమెకు మేమే ఉన్నాం అనుకున్నాను. అసూయ అని ఒప్పుకోవడానికి సిగ్గేసింది కానీ అదే. ఈ ముసలమ్మకు కూడా ఏం కనబడిందో చెప్పమని అడిగిందా అనుకున్నాను. అడిగిందట. ముసలమ్మకు ఎప్పుడూ తల్లిగారిల్లు కనబడేదట.

అన్వర్ వచ్చి నిలబడ్డాడు. ఆ గదులు ఆఫీసులో కలుపుకోవాలట. మంచివాడే. "ఎవరి చేతిల ఉన్నది వాళ్ళే ఉంచుకోండ్రి. మిషన్ ఎవరు తీస్కపోతరు?" అన్నాడు. ఎవరూ అడగలేదు. నడపడం వచ్చిన వాడు మా ఆయన ఒక్కడే. యాదగిరి దాన్ని ట్యాంకరు ముందు సీట్లో పెట్టుకుని మేడ్చల్ తెస్తానన్నాడు. అయితే ఇక మంగళవారం వాళ్ళు, శుక్రవారం వాళ్ళు అందరూ ఆదివారం మా ఇంటికే రావాలి. మాతో కలిపి ఏడుగురికి చాయ్. నాకు అప్పుడే కాళ్ళు లాగడం మొదలైంది. సరే రండి అన్నాను.

లేవబోతుంటే కండక్టరు గొంతు సవరించుకున్నాడు. చాలాసేపటి నుంచి చెప్పాలా వద్దా అని చూస్తున్నట్టున్నాడు.

"మీరేమనుకోవద్దు" అన్నాడు. "ఆపా నాతోని ఒక మాట అన్నది. ఇంతమంది వస్తరు గని, నిజంగ వినేటోనివి నువ్వొక్కనివే అన్నది." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ మాట ఆపా నాతో కూడా అన్నది, మిషన్ మోసుకొచ్చిన ఆదివారం, మేడ్చల్ బస్టాండులో బస్సెక్కుతూ. నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. ఎన్ని బస్సుల్లో నిలబడి, ఎన్ని సాయంత్రాలు ఆ ఒక్క మాట తలుచుకుని ఇంటికి చేరానో నాకే తెలుసు.

నర్సమ్మ కొంగు సర్దుకుని నేల వైపు చూసింది. ముసలమ్మ, కోడలు ఒకరినొకరు చూసుకున్నారు. యాదగిరి నా వైపు చూసి జల్దిన తల తిప్పుకున్నాడు. నిద్రపోయేవాడికి కూడా చెప్పిందా!

కండక్టరు మా మొహాలకేసి చూస్తున్నాడు, ఎవరైనా ఏమైనా అంటారేమోనని.

"నిజమే అన్నా" అన్నాను. "ఆపా అబద్ధం చెప్పే మనిషి కాదు."